ఏ ప్లస్ సర్టిఫికేషన్: తిరుపతి, చిత్తూరు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో డెస్క్‌టాప్ సపోర్ట్ పని చేస్తాను. మొదట నాలుగేళ్ళు ఒక సర్వీస్ షాపులో, ఆ తర్వాత ఆఫీసుల్లో. ఊరు పూతలపట్టు దగ్గర పల్లె, చదువు పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత తిరుపతిలో బీఎస్సీ. షాపుల్లో పనిచేసే తమ్ముళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఈ సర్టిఫికేషన్ గురించి నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పి పెట్టేయడం మనసుకు నచ్చక అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అక్కా, ఏ ప్లస్ అంటే అసలు ఏంటి?

కంప్యూటర్ చెడిపోతే చూడటానికి, కంప్యూటర్ వాడేవాళ్ళకు సాయం చేయడానికి ఒక మనిషి సిద్ధంగా ఉన్నారా లేదా అని చూసే పరీక్ష. కాంప్‌టియా అనే అమెరికా సంస్థ దీన్ని 1993 నుంచి నడుపుతోంది. ఒక కంపెనీ సరుకు గురించి మాత్రమే అడిగే పరీక్ష కాదు. ఏ కంపెనీ మెషిన్ ముందు కూర్చోబెట్టినా పని మొదలుపెట్టగలగాలి, అంతే.

ఇందులో రెండు పరీక్షలు ఉంటాయి: కోర్ 1, కోర్ 2. రెండూ పాసైతేనే సర్టిఫికెట్. ఒకటి రాసి ఆగిపోతే చేతికి ఏమీ రాదు. ఇప్పుడు నడుస్తున్న పరీక్షల నంబర్లు 220-1201, 220-1202. ఇవి 2025 మార్చిలో వచ్చాయి. అంతకు ముందున్న 220-1101, 220-1102 పరీక్షలు 2025 సెప్టెంబర్‌తో ఆగిపోయాయి. సీనియర్ల దగ్గర పాత పుస్తకం తీసుకునేవాళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు అట్ట మీద నంబర్ చూసుకోండి. పాత పుస్తకంలో చాలా భాగం ఇప్పటికీ పనికొస్తుంది, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని పరీక్షకు వెళ్ళకండి.

బీటెక్ లేదు. డిగ్రీ కూడా మధ్యలో ఆగిపోయింది. రాయొచ్చా?

రాయొచ్చు. చదువు అర్హత ఏదీ అడగరు. ఏడాది పాటు చేతిపని అనుభవం ఉంటే మంచిదని సంస్థ చెబుతుంది. అది సలహా మాత్రమే, నిబంధన కాదు. ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్) చేసినవాళ్ళకు, కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ చేసినవాళ్ళకు సిలబస్‌లో చాలా భాగం ముందే తెలిసి ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ఈ సర్టిఫికెట్ ఎక్కువగా పనికొచ్చేది ఇలాంటివాళ్ళకే. బీటెక్ పిల్లవాడికి చూపించుకోవడానికి ఇంకో నాలుగు కాగితాలు ఉంటాయి. షాపులో ఐదేళ్ళు పనిచేసి, ఏ మదర్‌బోర్డు చేతికిచ్చినా గుర్తుపట్టగల తమ్ముడి దగ్గర తన పని తనకొచ్చని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆ లోటు ఇది తీరుస్తుంది.

రెండు పరీక్షల్లో ఏమేం ఉంటాయి?

కోర్ 1 ఎక్కువగా చేత్తో పట్టుకునే వస్తువుల గురించి. హార్డ్‌వేర్‌కు 25 శాతం, నెట్‌వర్కింగ్‌కు 23, మొబైల్ పరికరాలకు 13, క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా వాడుకునే కంప్యూటర్లు), వర్చువలైజేషన్ (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడపడం) రెండింటికీ కలిపి 11. మిగిలిన 28 శాతం ట్రబుల్‌షూటింగ్, అంటే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్), ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), ప్రింటర్లు, కేబుళ్ళు, వైఫై అన్నీ ఇందులోనే వస్తాయి. లేజర్ ప్రింటర్ లోపల జరిగే పని వరసగా తెలియాలి. డ్రమ్ మీద చార్జ్ ఎక్కడం, లేజర్ గీయడం, టోనర్ అంటుకోవడం, కాగితం మీదికి దిగడం, వేడికి కరిగి అతుక్కోవడం. కాగితం మీద చెయ్యి రుద్దితే అక్షరాలు రాలిపోతున్నాయంటే తప్పు ఎక్కడుందో ఆ వరస తెలిసినవాళ్ళు వెంటనే చెబుతారు: ఫ్యూజర్, అంటే వేడి చేసే భాగం. తెలియనివాళ్ళు టోనర్ మార్చి కస్టమర్ డబ్బు వృథా చేస్తారు.

కోర్ 2లో ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు 28 శాతం, సెక్యూరిటీకి 28, సాఫ్ట్‌వేర్ ట్రబుల్‌షూటింగ్‌కు 23, పనిచేసే పద్ధతులకు 21. ఆ చివరిదాన్ని మన పిల్లలు చిన్నచూపు చూస్తారు. బ్యాకప్ తీయడం, టికెట్ (వచ్చిన సమస్య, చేసిన పని నమోదు) రాయడం, స్టాటిక్ కరెంటు నుంచి చిప్‌లను కాపాడుకోవడం, కోపంగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడటం అన్నీ అందులోవే. మార్కుల్లో ఐదో వంతు అది, వదలకండి.

పాస్ మార్కు ఎంత? టైమ్ ఎంత?

ఒక్కో పరీక్షకు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. మార్కులు 100 నుంచి 900 వరకు ఒక స్కేల్ మీద ఇస్తారు. కోర్ 1కు 675, కోర్ 2కు 700 రావాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

మధ్యలో చేసి చూపించే ప్రశ్నలు ఉంటాయట. టెన్షన్‌గా ఉంది.

ఉంటాయి. వాటిని పీబీక్యూలు అంటారు. స్క్రీన్ మీద ఒక ఆఫీస్ నెట్‌వర్క్ బొమ్మ ఇచ్చి రౌటర్ సెట్ చేయమంటారు, లేదా కమాండ్లు కొట్టి తప్పు పట్టుకోమంటారు, లేదా ఫలానా పనికి సరిపోయే పార్టులు ఎంచమంటారు. ఎక్కువగా పరీక్ష మొదట్లోనే వస్తాయి. మొదటి ప్రశ్న దగ్గరే పావుగంట పోగొట్టుకుని కంగారుపడేవాళ్ళు చాలామంది. చూడగానే దారి తట్టకపోతే గుర్తుపెట్టి ముందుకు వెళ్ళండి. మామూలు ప్రశ్నలు ముగించి తిరిగి రండి. అప్పటికి మనసు కుదుటపడి ఉంటుంది.

ట్రబుల్‌షూటింగ్‌కు అంత వెయిటేజీ ఎందుకు? అది పనిలో పడితే వచ్చేస్తుంది కదా?

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. చూసిన ఒక సంగతి చెబుతాను.

షాపులో ఉన్న రోజుల్లో, రద్దీ బాగా ఉన్న ఒక ఉదయం, బస్టాండ్ దగ్గరి ఒక లాడ్జి నుంచి ఫోన్ వచ్చింది. బిల్లింగ్ కంప్యూటర్‌లో నెట్ రావడం లేదు. మా షాపులో కొత్తగా చేరిన తమ్ముడు ముందు వెళ్ళాడు. గంటైనా రాలేదు. నేను వెళ్ళి చూస్తే కౌంటర్ ముందు గుండు చేయించుకుని వచ్చిన యాత్రికులు, సూట్‌కేసులు, ఏడుస్తున్న చంటిపిల్లలు. రూమ్ ఖాళీ చేయడానికి నిలబడ్డ వాళ్ళకు బిల్లు రావడం లేదు. మా వాడు నెట్‌వర్క్ డ్రైవర్ తీసి మళ్ళీ ఎక్కించాడు, యాంటీవైరస్ ఆపి చూశాడు, ఇక విండోస్ ఫార్మాట్ కొట్టడానికి పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. కొట్టేసి ఉంటే ఆ లాడ్జి బిల్లుల డేటా మొత్తం పోయేది.

ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టించాను, కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రస్ చూపించేది అదే. అడ్రస్ 169.254తో మొదలవుతోంది. అంటే కార్డు బాగానే ఉంది, కేబుల్ కూడా ఎక్కడికో తగిలే ఉంది, కానీ అడ్రస్ ఇవ్వాల్సిన రౌటర్ దాకా మాట చేరడం లేదు. మేనేజర్‌ను ఒకటే అడిగాను: "అన్నా, పక్క కౌంటర్ మెషిన్‌లో వస్తోందా?" "దాంట్లోనూ రావట్లేదమ్మా, పొద్దున ఊడ్చినప్పటి నుంచి." ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. రెండు మెషిన్లకూ ఒకేసారి పోయిందంటే తప్పు మెషిన్‌లో లేదు. కౌంటర్ కిందికి వంగి చూశాను. చిన్న నెట్‌వర్క్ స్విచ్‌లో (కేబుళ్ళను కలిపే పెట్టె) రెండు కంప్యూటర్ల లైట్లూ వెలుగుతున్నాయి, రౌటర్ నుంచి వచ్చే కేబుల్ దగ్గర లైటు లేదు. ఆ కేబుల్ చివర క్లిప్పు విరిగిపోయి ఉంది, చీపురు తగిలి జారింది.

లోపలికి నొక్కగానే రెండింటికీ నెట్ వచ్చింది. కానీ అంతటితో వదిలేస్తే మర్నాడు మళ్ళీ ఊడుతుంది. క్రింపింగ్ టూల్ తీసి కొత్త కనెక్టర్ కొట్టాను. లోపలి వైర్ల రంగుల వరస: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. కేబుల్‌ను కౌంటర్ కాలికి కట్టి, ఒక బిల్లు ప్రింట్ తీయించి, క్యూఆర్ కోడ్ పేమెంట్ ఒకటి చేయించి, షాపు పుస్తకంలో ఏం జరిగిందో రెండు ముక్కలు రాసుకుని వచ్చాను.

తర్వాత ఏ ప్లస్ సిలబస్ తెరిస్తే అందులో ఆరు మెట్లు కనిపించాయి. సమస్య ఏంటో అడిగి తెలుసుకో. కారణం ఊహించు. ఆ ఊహ నిజమో కాదో చూడు. ఏం చేయాలో అనుకుని చెయ్యి. మొత్తం పనిచేస్తోందో లేదో సరిచూసి, మళ్ళీ రాకుండా చూడు. రాసిపెట్టు. ఆ రోజు కౌంటర్ కింద నేను చేసింది అదే, కానీ అప్పుడు దానికి పేరు తెలియదు. మా తమ్ముడికి నాకన్నా సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు. అతను మొదటి మెట్టు వదిలేసి నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు, అంతే తేడా. ఈ పరీక్షలో "ముందుగా ఏం చేస్తావు?", "తర్వాత ఏం చేస్తావు?" అని అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడివే. నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. వరసలో ముందొచ్చేది ఏదో తెలిసినవాళ్ళకే మార్కు.

నేరుగా ఏ ప్లస్‌కు వెళ్ళాలా, ముందు గూగుల్ కోర్సు చేయాలా?

గూగుల్ ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఉంటుంది, 2018లో మొదలైంది. అందులో సెంటర్‌కు వెళ్ళి రాసే పరీక్ష ఉండదు, వీడియోలు చూసి అసైన్‌మెంట్లు చేసుకుంటూ పోవాలి. ఫీజు కట్టలేనివాళ్ళు ఫైనాన్షియల్ ఎయిడ్‌కు అప్లై చేసుకోవచ్చు. ఇంటి పరిస్థితి నిజాయితీగా రాయండి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో కూడా మొదటి మెట్టు కోర్సులు ఉచితంగా ఉన్నాయి.

కంప్యూటర్ మూత ఎప్పుడూ విప్పనివాళ్ళు ముందు వీటిలో ఒకటి చేయండి. ఈ లైను మీకు నచ్చుతుందో లేదో పెద్ద ఖర్చు లేకుండా తెలుస్తుంది. షాపు అనుభవం ఉన్నవాళ్ళు నేరుగా ఏ ప్లస్‌కు వెళ్ళొచ్చు.

ఎన్ని నెలలు పడుతుంది?

ఉద్యోగం చేసుకుంటూ రోజుకు గంటన్నర చదివితే ఒక్కో పరీక్షకు రెండు మూడు నెలలు. నేను కోర్ 1 రాసిన తర్వాత కోర్ 2కు పది వారాలు తీసుకున్నాను. పరీక్షలో వచ్చే అంశాల జాబితాను సంస్థ తన సైట్‌లో ఉచితంగా పెడుతుంది. దాన్ని ప్రింట్ తీసుకుని, వచ్చినదాని పక్కన టిక్ పెడుతూ పోవడం కన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. పోర్ట్ నంబర్లు (నెట్‌వర్క్‌లో ఒక్కో సేవకు ఉండే నంబర్) మాత్రం బట్టీ పట్టక తప్పదు: 22 ఎస్ఎస్‌హెచ్, 53 డీఎన్ఎస్, 443 హెచ్‌టీటీపీఎస్, 3389 రిమోట్ డెస్క్‌టాప్. పది పన్నెండు ఉంటాయి. బస్సులో కూర్చుని నేర్చుకోవచ్చు.

ఇంట్లో ప్రాక్టీస్‌కు ఏం కావాలి? కొత్త కంప్యూటర్ కొనలేం.

కొనొద్దు. విప్పడానికి ఒక పాత డెస్క్‌టాప్ చాలు, అది ఆన్ కాకపోయినా ఫరవాలేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కావాలి కాబట్టి చాలా ఆఫీసులు పాత మెషిన్లను పక్కన పెట్టేస్తున్నాయి. తెలిసినవాళ్ళను అడిగితే స్క్రాప్ ధరకు దొరుకుతాయి. ర్యామ్ తీసి పెట్టండి, ప్రాసెసర్ మీద పాత పేస్ట్ తుడిచి కొత్తది రాయండి, ఆన్ అయ్యే మెషిన్ దొరికితే కావాలనే ర్యామ్ పీకేసి ఏ బీప్ వస్తుందో వినండి.

సాఫ్ట్‌వేర్ వైపు, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉచితంగా వేసుకోవచ్చు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు డబ్బు అక్కర్లేదు. విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్‌ను 90 రోజుల ట్రయల్‌గా మైక్రోసాఫ్టే ఇస్తుంది. దయచేసి దొంగ లైసెన్స్ కోడ్‌లు వాడకండి. పరీక్షలో లైసెన్సుల మీద కూడా ప్రశ్నలు వస్తాయి, రేపు ఆఫీసులో మీరే ఆ నిబంధన పాటించాలి.

తెలుగు మీడియం. ఇంగ్లిష్‌లో రాయగలనా?

పరీక్ష తెలుగులో లేదు. కానీ ఇందులో వాడే ఇంగ్లిష్ కథల ఇంగ్లిష్ కాదు. చిన్న చిన్న వాక్యాలు. ఒక యూజర్ ఇలా చెబుతున్నాడు, టెక్నీషియన్ ముందుగా ఏం చేయాలి? అంతే. ఫస్ట్, బెస్ట్, నెక్స్ట్, మోస్ట్ లైక్లీ, నాట్ అనే మాటల దగ్గర కన్ను ఆగాలి. నేను మొదటి నెల ప్రతి ప్రశ్ననూ తెలుగులో నాకు నేనే గట్టిగా చెప్పుకునేదాన్ని. రెండో నెలకు ఆ అవసరం పోయింది.

మాట్లాడే ఇంగ్లిష్ వేరే సంగతి, అది ఇంటర్వ్యూకు కావాలి. రోజూ చేసిన ఒక రిపేర్‌ను మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో నోట్‌బుక్‌లో రాయండి: యూజర్ ఏం చెప్పాడు, నేను ఏం చూశాను, ఏం చేశాను. టికెట్ రాయడం అంటే అదే. ఇంకొకటి. మన వైపు పిల్లలకు తెలుగుతో పాటు తమిళం వస్తుంది, కొందరికి కన్నడం కూడా. చెన్నై, బెంగళూరు సపోర్ట్ డెస్కుల్లో అది నిజంగా ఉపయోగపడుతుంది. రెజ్యూమెలో భాషల దగ్గర దాచకుండా రాయండి.

పరీక్ష ఎక్కడ రాయాలి? ఇంట్లోనా, సెంటర్‌లోనా?

పియర్సన్ వ్యూ అనే పరీక్షలు నడిపే సంస్థ ద్వారా బుక్ చేసుకోవాలి. దగ్గర్లో ఏ సెంటర్‌లో ఖాళీ ఉందో బుకింగ్‌లో చూపిస్తుంది. చెన్నైలో, బెంగళూరులో సెంటర్లు ఉన్నాయి. ఇంటి నుంచి కూడా రాయొచ్చు. కెమెరా ముందు, ఒంటరిగా, ఖాళీ బల్ల మీద. ఫోన్ చేతికందే దూరంలో ఉండకూడదు, ప్రశ్నను పైకి చదవకూడదు, ఎవరూ గదిలోకి రాకూడదు. అమ్మ కాఫీ పట్టుకుని తలుపు తీసినా పరీక్ష ఆపేయొచ్చు. ఉమ్మడి కుటుంబంలో ఒకటే హాలు ఉన్న ఇంట్లో, కరెంటు పోయే వీధిలో, నేనైతే ఇంటి నుంచి రాయమని చెప్పను. ప్రయాణం ఖర్చు ఎక్కువైనా సెంటర్‌కే వెళ్ళండి.

చెన్నైకి తిరుపతి నుంచి 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఉదయం పరీక్ష అయితే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి బంధువుల ఇంట్లో పడుకోండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి ముందు వెనక బస్టాండ్ ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. ఆ తేదీలు పెట్టుకోకండి. తేదీ మార్చుకోవాలంటే కనీసం 24 గంటల ముందే మార్చుకోవాలి.

పేరు, ఇనీషియల్ సరిపోకపోతే నిజంగా వెనక్కి పంపుతారా?

పంపుతారు. నన్ను పంపారు.

అకౌంట్ తెరిచేటప్పుడు అలవాటు కొద్దీ ఇనీషియల్, పేరు అని కొట్టాను. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. చెన్నై సెంటర్‌లో డెస్క్ దగ్గరున్నాయన స్క్రీన్ ఒకసారి, పాస్‌పోర్ట్ ఒకసారి చూసి, "మ్యాచ్ కాలేదమ్మా" అన్నాడు. బతిమాలాను. ఆయన చేతిలో ఏమీ లేదు. కట్టిన ఫీజు పోయింది. తిరుగు బస్సులో పుత్తూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. మూడు నెలల జీతంలో మిగిల్చిన డబ్బు అది.

మన దగ్గర ఇది చాలామందికి ఎదురవుతుంది. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, ఆధార్‌లో ఒక్క అక్షరం, పెళ్ళయిన ఆడవాళ్ళకు ఇంకోలా. ఫొటో, సంతకం రెండూ ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు కావాలి. పాస్‌పోర్ట్ ఉంటే అదే మేలు. ఆ కార్డు ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు అక్షరం అక్షరం అకౌంట్‌లో కొట్టండి. ఇప్పటికే తప్పు కొట్టి ఉంటే బుక్ చేయకముందే సపోర్ట్‌కు రాసి సరిచేయించుకోండి.

ఫీజు సంగతి?

రెండు పరీక్షలకు రెండు వోచర్లు, అంటే ఫీజు ముందే కట్టి కొనే కోడ్‌లు. ధర దేశాన్ని బట్టి ఉంటుంది, మారుతూ ఉంటుంది. కొనే రోజున సంస్థ సైట్‌లోనే పన్నుతో కలిపి చూసుకోండి. మధ్యలో ఎవరో తక్కువకు ఇస్తామంటే ఆశపడకండి. రెండూ ఒకేసారి కొనకుండా ముందు కోర్ 1కు మాత్రం కొనండి. వోచర్‌కు గడువు తేదీ ఉంటుంది, క్యాలెండర్ మీద రాసుకోండి.

ఫెయిలైతే?

రెండోసారి రాయడానికి ఎదురుచూడాల్సిన పనిలేదు. మూడోసారికి మాత్రం 14 రోజులు ఆగాలి. ప్రతిసారీ పూర్తి ఫీజు కట్టాలి. చేతికిచ్చే స్కోర్ రిపోర్ట్‌లో ఏ అంశాల్లో తప్పులు పోయాయో ఉంటుంది. ఆ కాగితం పారేయకండి, తర్వాతి చదువు అక్కడి నుంచే మొదలవ్వాలి.

డంప్స్ చదివితే పాసవుతామంటున్నారు. కొందరు మన బదులు వాళ్ళే రాస్తామంటున్నారు.

రెండూ వద్దు. డంప్స్ అంటే దొంగిలించిన ప్రశ్నలు. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది, మళ్ళీ రాయనివ్వకపోవచ్చు. బదులు రాయించుకోవడం నేరుగా మోసం.

దొరక్కపోయినా ఏమవుతుందో నేను చూశాను. మా ఆఫీసులో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు సర్టిఫికెట్ ఉన్న ఒక అబ్బాయిని "169.254 కనిపిస్తే ఏం చేస్తావు నాయనా?" అని అడిగాను. దాని ఇంగ్లిష్ పేరు, పూర్తి రూపం గడగడా చెప్పాడు. తర్వాత ఏం చేయాలో చెప్పలేకపోయాడు. తలవంచుకుని కూర్చున్న ఆ పిల్లవాడిని చూస్తే బాధేసింది. అతన్ని ఆ స్థితిలోకి నెట్టింది డంప్స్ అమ్మినవాళ్ళు.

ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా?

సొంతంగా కూర్చుని చదవలేనివాళ్ళకు మేలే. చేరే ముందు ఒకరోజు క్లాసులో కూర్చోనివ్వమనండి. బల్ల మీద విప్పిన మెషిన్లు ఉన్నాయా, ప్రొజెక్టర్ ఒక్కటే ఉందా చూడండి. చెప్పే సార్ ఎక్కడైనా పనిచేశారా అడగండి. ఫీజులో వోచర్ కలిసి ఉందంటే, అది ఏ తేదీకి చేతికిస్తారో రసీదు మీద రాయించుకోండి. నూరు శాతం జాబ్ గ్యారంటీ అనే బోర్డు కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఉద్యోగానికి ముందు డిపాజిట్ అడిగే కన్సల్టెన్సీలు కూడా అంతే.

ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందా, ఊరు వదలాలా?

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తిరుపతిలో చిన్న షాపుల్లో ఏ ప్లస్ ఉందా అని ఎవరూ అడగరు. ఆసుపత్రులు, యూనివర్సిటీలు, ఇంజనీరింగ్ కాలేజీలు, పెద్ద హోటళ్ళు, రేణిగుంట వైపు, శ్రీసిటీలో ఉన్న ఫ్యాక్టరీలకు ఐటీ మనుషులు కావాలి. అక్కడ ఇది రెజ్యూమెను కొంచెం పైకి తెస్తుంది. దీనికి అసలు విలువ చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల సర్వీస్ డెస్కుల్లో. మొదటి ఉద్యోగం ఎల్ 1 అంటారు. ఫోన్ ఎత్తడం, పాస్‌వర్డ్ రీసెట్ చేయడం, టికెట్ రాయడం. షిఫ్టులు ఉంటాయి. రెండేళ్ళు అక్కడ నిలబడి నేర్చుకుంటే నెట్‌వర్క్ వైపో, సెక్యూరిటీ వైపో, సర్వర్ల వైపో దారి కనిపిస్తుంది.

మా అమ్మాయిని ఈ లైనులోకి పంపొచ్చా?

తల్లులు ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పంపండి. బరువులు ఎత్తడం ఉంటుందంటారు. ఒక సీపీయూ బరువు బిందెడు నీళ్ళంత కూడా ఉండదు. షాపులో మొదటి ఏడాది "సార్ లేరా?" అని అడిగిన కస్టమర్లు ఉన్నారు. రెండో ఏడాది వాళ్ళే "ఆ అమ్మాయినే పంపించండి" అన్నారు. జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. రాత్రి షిఫ్ట్ అయితే క్యాబ్ ఇస్తారా, సైట్‌కు ఒక్కదాన్నే పంపుతారా, అక్కడ టాయిలెట్ ఉంటుందా. ఇవి ఇంటర్వ్యూలోనే అడగమని చెప్పండి. అడిగినందుకు ఉద్యోగం ఇవ్వని చోటు అయితే అది మనకు వద్దు.

వయసు 38. ఆలస్యమైపోయిందా?

పరీక్షకు వయసు లేదు. సర్వీస్ డెస్క్‌లో ఓపికగా మాట్లాడేవాళ్ళు కావాలి, అది వయసుతోనే వస్తుంది. జీతం మాత్రం కొత్తవాళ్ళ జీతంతోనే మొదలవుతుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

సర్టిఫికెట్ జీవితాంతం ఉంటుందా?

మూడేళ్ళే. ఆలోపు 20 యూనిట్ల కొనసాగింపు శిక్షణ చూపించి, ఫీజు కట్టి పొడిగించుకోవాలి. లేదా నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ లాంటి పై సర్టిఫికేషన్ పాసైతే ఏ ప్లస్ కూడా దానితోపాటు రెన్యూ అవుతుంది. నేను రెండో దారిలో వెళ్ళాను. ఆ చదువు ఎలాగూ అవసరమే.

షాపులో నాలుగేళ్ళు చేశాను. రెజ్యూమెలో ఏం రాయాలి? అక్కడ పెద్ద పనులేం చేయలేదు.

చేశారు, లెక్కపెట్టలేదు. షాపు పాత బిల్లు పుస్తకాలు తీసి ఏదో ఒక నెల తిరగేయండి. ఎన్ని ఓఎస్ ఇన్‌స్టాలేషన్లు, ఎన్ని ఎస్‌ఎస్‌డీ మార్పులు, ఎన్ని ప్రింటర్లు, ఎన్ని ఆఫీసుల్లో కేబుల్ వేశారు, ఎంతమంది డేటా వెనక్కి తెచ్చారు. ఆ అంకెలే రెజ్యూమెలో రాయండి. "హార్డ్‌వేర్ నాలెడ్జ్ ఉంది" అనే మాట కన్నా "నెలకు 40 మెషిన్లు చూశాను" అనే మాటను ఎవరైనా ఆగి చదువుతారు, ఆ 40 నిజమైతేనే రాయండి. ఓనర్ దగ్గర షాపు ముద్రతో, ఫోన్ నంబర్‌తో ఒక అనుభవ పత్రం తీసుకోండి. పని మానేశాక అడిగితే రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతారు. మానేస్తున్నట్టు చెప్పిన రోజే అడగండి.